బూట్‌లోడర్ ఎంచింది బల్ల మీద, నేర్చింది చీనీ తోటలో

ఈ బోర్డుల పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు మా ఇంటికి వస్తే మొదట అడిగేది ఒకటే. "అక్కా, ఏ బూట్‌లోడర్ మంచిది?" నేను టీ పెట్టేదానికి లేస్తాను. ఆ ప్రశ్నకు నిలబడి చెప్పే జవాబు లేదు, కూర్చోబెట్టి చెప్పల్ల. ఇప్పుడు నా మోకాళ్లు ఇన్నిసార్లు లేసి టీ పెట్టనియ్యవు. అందుకని రాసి పెడతాండాను. టీ మీరే పెట్టుకోండి.

నా పేరు సుంకమ్మ. చదివింది ఏడో తరగతి. అనంతపురంలో రంగయ్య శెట్టి అని ఒకాయన మోటారు స్టార్టర్లు అమ్ముతా అమ్ముతా, తానే బోర్డులు చేయించి అమ్మితే ఏమని చిన్న కార్ఖానా పెట్టినాడు. ఆ కార్ఖానాలో నేను మొదట వైర్లు బిగించేదాన్ని. తర్వాత బోర్డులకు టంకం వేసేదాన్ని. ఆఖరికి బోర్డుల్లోకి లినక్స్, అంటే బోర్డును నడిపించే సాఫ్ట్‌వేర్, ఎక్కించేదాన్ని. నాకు జీతం ఎప్పుడు పెరిగిందో, ఏ కుర్చీ ఎప్పుడు ఇచ్చినారో ఇందులో రాయను. అవన్నీ మా ఆయనకు గుర్తుండాయి. కావల్లంటే ఆయన్ని అడగండి, సాయంత్రం దాకా చెప్తాడు.

మా బోర్డు చేసే పని మా పక్కోళ్లకు చెప్పనక్కరలేదు, కానీ బయటోళ్లు కూడా చదువుతారేమో. మా నేలలో చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, బోరు ఇరవై నిమిషాలు నీళ్లు పోస్తాది. తర్వాత బుస్సుమని గాలి వదులుతాది. నలభై నిమిషాలు ఆపితే మళ్లీ ఊరుతాయి. గాలి వచ్చేటప్పుడు మోటారు ఆడిస్తే అది కాలిపోతాది. మధ్యలో కరెంటు దాని ఇష్టం వచ్చినప్పుడు పోతాది, వస్తాది. అంటే ఒక మనిషి పొద్దంతా బోరు కాడ కూర్చోవల్ల. ఆ మనిషికి బదులు కూర్చునేదే మా బోర్డు. వాల్వు తెరుస్తాది, మోటారు వేస్తాది, ధార సన్నగిలితే ఆపుతాది, నీళ్లు ఊరినంక మళ్లీ వేస్తాది, రైతు ఫోనుకు కబురు పంపుతాది. ఇంత మాత్రానికి లినక్స్ ఎందుకని మీరు అడుగుతారు. నేనూ శెట్టిని అడిగినాను. "రేపు ఇంకా ఏమేమో చేయిస్తామమ్మా" అన్నాడు. ఆ రేపు నేను పని మానేసే దాకా రాలేదు.

ఇంట్లో అందరికంటే ముందు లేసేది

బూట్‌లోడర్ అంటే ఏమని మా అత్త అడిగింది ఒకసారి. పుస్తకాల్లో ఉన్నట్టు చెప్తే ఆమె నిద్రపోతాదని నాకు తెలుసు. ఇట్ల చెప్పినాను.

"అత్తా, ఇంట్లో తెల్లారే ముందు లేసేది ఎవరు?"

"నేనే. ఇంకెవరు లేస్తారు, నువ్వా?"

"లేసి ఏం చేస్తావు?"

"వాకిలి చిమ్మి, నీళ్లు చల్లి, పొయ్యి అంటించి, మీ మామను లేపుతా."

"మామ లేసినంక?"

"ఇంగేముంది. ఇంటి పెత్తనమంతా తనదే అన్నట్టు కూర్చుంటాడు. పొయ్యి ఎవరు అంటించిందీ తలుచుకుంటాడా?"

ఆ మామ లినక్స్. ఆమె బూట్‌లోడర్. కరెంటు రాంగనే బోర్డుకు తన కాలుసేతులు ఎక్కడుండాయో కూడా తెలీదు. బూట్‌లోడర్ ముందు లేసి, మెమరీని మేలుకొలిపి, లినక్స్‌కు గుండెకాయ లాంటి కర్నల్ ఏ అరలో ఉందో వెతికి పట్టుకొచ్చి, పెత్తనం దాని చేతికిచ్చి తప్పుకుంటాది. ఆ తర్వాత దాని పేరు ఎవరూ ఎత్తరు. అది లేవని రోజు మాత్రం ఇల్లంతా పస్తు.

మా అత్త అంతా విని, "అయితే దానికి జీతమన్నా ఇయ్యండి" అన్నది.

ముగ్గురం, మూడు ఇష్టాలు

ఇప్పుడు ఎంచుకునే సంగతి. కార్ఖానాలో అప్పుడు ఇంజినీరు ఒకడే, మహబూబ్ బాషా. అనంతపురంలోనే చదివినాడు, తెలివైనోడు, ఒక్క లోపం ఏమంటే తెలివి ఉన్న సంగతి తనకు కూడా తెలుసు. శెట్టి, బాషా, నేను ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాము.

శెట్టి అన్నాడు: "బోర్డుతో పాటు వచ్చిందేదో దాంట్లోనే ఉంది కదప్పా. ఇంకొకటి ఎందుకు?"

చిప్పు ఉండే బోర్డు మేము బయట కొని మా పెట్టెలో బిగిస్తాము; దాన్ని అమ్మినోళ్లు తమ బూట్‌లోడర్ ఒకటి పెట్టి ఇచ్చినారు. అది లోకమంతా వాడే యూ-బూట్ అనే బూట్‌లోడరే, కానీ ఏ కాలందో ఒకటి తీసుకోని, తమకు కావల్సినట్టు కత్తిరించి, అతుకులేసి ఇచ్చింది. అది పని చేసినన్ని రోజులు చేస్తాది. చెడితే అడిగేదానికి లోకంలో ఇంకో మనిషి ఉండడు, ఎందుకంటే ఆ అతుకులు ఇంకెవ్వరి దగ్గరా లేవు.

బాషాకు బేర్‌బాక్స్ అనే ఇంకో బూట్‌లోడర్ మీద మనసుపడింది. "అక్కా, అది ఎంత శుభ్రంగా ఉంటాదో చూడు. లోపల తిరుగుతాంటే లినక్స్‌లో తిరిగినట్టే ఉంటాది." నిజమే. నేనూ తిరిగి చూసినాను, ఇల్లు అద్దంలా ఉంది. కానీ మేము కొన్న బోర్డుకు దాంట్లో చోటు లేదు. మా బోర్డును గుర్తుపట్టే కోడు బాషానే కూర్చోని రాయల్ల. రాస్తాడు, రాయలేక కాదు. రేపు బాషా బెంగుళూరు పోతే నేనేం చేయల్ల అనేదే నా ప్రశ్న. ఆ మాట అంటే వాడికి కోపమొచ్చింది. రెండేళ్లకు వాడు బెంగుళూరు పోనే పోయినాడు, అది వేరే సంగతి.

నేను అడిగింది ఒకటే: "పాడైనప్పుడు నాతో మాట్లాడేది ఏదప్పా?"

పందెం పెట్టినాము. మూడు బోర్డులు, మూడు బూట్‌లోడర్లు. మూడింటినీ ఒకే మాదిరి చెడగొట్టినాను. కార్డు పీకేసినాను. కర్నల్ పేరు తప్పు రాసినాను. కొత్త బూట్‌లోడర్‌ను బోర్డులోకి రాస్తాండగా సగంలో కరెంటు తీసేసినాను. ఈ పని నాకు బాగా నచ్చింది, జీతమిచ్చి మరీ చెడగొట్టమంటే ఎవరికి నచ్చదు? అమ్మినోళ్లు ఇచ్చింది నోరు మూసుకోని కూర్చునింది. బాషా ఆదరాబాదరా రాసి ఎక్కించిన బేర్‌బాక్స్ బాగానే చెప్పింది, కానీ మా బోర్డులో సగం సామాన్లు దానికి తెలీవు. అతుకులు లేని అసలు యూ-బూట్ ఏది దొరకలేదో, ఎందుకు దొరకలేదో చెప్పింది. సగం రాసి చచ్చినదాన్ని కూడా ఎస్‌డీ కార్డు పెట్టి మళ్లీ బతికించినాము. దాన్నే ఎంచుకున్నాము.

మీరు అడిగినదానికి ఇదే నా జవాబు. ఏది గొప్పదని అడగొద్దండి. మీ చిప్పును ఇంకా పదిమంది ఏ బూట్‌లోడర్‌తో ఆడిస్తాండారో చూడండి. చెడితే నోరు విప్పేదేనా చూడండి. చస్తే లేపే దారి ముందే నడిచి చూడండి. ఎంత వేగంగా లేస్తాది అనేది ఆఖర్న చూసుకోవచ్చు. చీనీ చెట్టు ఒక సెకండుకు ఎండిపోదు.

ఆ రోజు నేను ఇంకో రెండు కోరినాను. యూ-బూట్ లేసినంక కర్నల్‌ను పిలిచే ముందు కొంచెం సేపు ఆగుతాది. "ఏదన్నా మీట నొక్కితే నిలబడతా" అని వెనక్కి లెక్కపెడతాది. మామూలుగా రెండు సెకండ్లు. నా వేళ్లు మీ వేళ్లంత చురుకు కాదు, అద్దాలు సర్దుకునేలోపల అయిపోతాది. పది చేయించుకున్నాను. రెండోది, తోక. బోర్డుతో మాట్లాడే సీరియల్ వైరు పెట్టె లోపల ఉంటాది. తోటలో పెట్టె మూత విప్పితే లోపల కందిరీగలు గూడు పెట్టి ఉంటాయి. బోరులో మోటారు దించేవాళ్లు, మళ్లీ తీసేవాని చేతికి అందల్లని తాడు కొసను పైన కట్టి పెడతారు కదా. అట్లనే ఆ వైరును మూరెడు బయటికి వదిలించినాను. మూత విప్పే పని లేకుండా తోకకు ల్యాప్‌టాప్ తగిలిస్తే చాలు. శెట్టి మెచ్చుకున్నాడు. నేనూ మెచ్చుకున్నాను, నన్ను.

చదవలేనిదాన్ని చదివిన తీరు

నాకు ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి, అర్థాలు సగం రావు. మరి బూట్‌లోడర్ చెప్పేదంతా ఇంగ్లీషే. ఎట్ల నేర్చినావక్కా అని అడుగుతారు.

మా ఊర్లో ఎవరి పెండ్లి ఎవరితో ఎప్పుడైందో, ఆ పెండ్లిలో ఎవరు అలిగి తినకుండా పోయినారో నేను వరసగా చెప్తాను. అదే బుర్ర ఇక్కడా వాడినాను. బాగున్న బోర్డు లేసేటప్పుడు తెర మీద వచ్చే వరసలు రోజుకు నలభై సార్లు చూస్తే, ఏ వరస వెనక ఏ వరస వస్తాదో తెలిసిపోతాది. మెమరీ వరస, దాని వెనక కార్డు వరస, దాని వెనక నెట్‌వర్క్ సణుగుడు, తర్వాత లెక్కపెట్టడం. ఒకటి రాకపోతే పెండ్లి భోజనాల బంతిలో ఒక ఇస్తరి ఖాళీగా ఉన్నట్టు కనపడతాది. బాషా చదువుతాడు, నేను లెక్క తప్పింది పట్టుకుంటాను. ఇద్దరం కలిస్తే ఒక ఇంజినీరు.

మీరు కూడా ముందు బాగున్నదాన్ని కళ్లారా చూడండి. అందరూ చెడినదాంతోనే మొదలుపెడతారు. బాగుంటే ఎట్లుంటాదో తెలీనోళ్లకు చెడింది ఏం తెలుస్తాది?

ఇంకొక మాట. ఒకసారి బాషా కరెంటు మీద నడుస్తాండే బోర్డుకు వైరు తగిలించి ల్యాప్‌టాప్ కాల్చినాడు. ఆ రోజు నుంచి నేను కార్ఖానాలో ఒక నియమం పెట్టినాను: బోర్డు ఆపి, వైరు తగిలించి, మళ్లీ వేయల్ల. గోడ మీద నా చేత్తో రాసి అంటించినాను. బాగా పాటించినారు. ఇంత బాగా పాటించకుండా ఉంటే బాగుండేది. ఎందుకో చెప్తాను.

ఆదెమ్మ ఫోను

పామిడి పక్కన ఒక ఊర్లో ఆదెమ్మ అనే ఆమెకు నాలుగు ఎకరాల చీనీ తోట ఉంది. భర్త లేడు. మొక్కలు నాటిన కాలంలో బోరు పడక, బిందెలతో నీళ్లు మోసి బతికించుకుంది. ఆ ఏడు చెట్లు మొదటిసారి నిండుగా పిందె పట్టినాయి. ఎండలు అప్పుడే ముదురుతాండాయి. మా బోర్డు పెట్టి రెండు నెలలు అయింది.

ఒక రోజు పొద్దున ఫోను చేసింది. "ఏమ్మా, మీ పెట్టె నిద్ర లేయలేదు. కరెంటొచ్చి గంటయింది."

బాషా పోయినాడు. నియమం ప్రకారం బోర్డు ఆపినాడు, తోకకు ల్యాప్‌టాప్ తగిలించినాడు, మళ్లీ వేసినాడు. వరసలన్నీ బంతిలో కూర్చున్నట్టు వచ్చినాయి. మోటారు లేసింది. నాలుగు సార్లు ఆపి వేసినాడు, నాలుగు సార్లూ లేసింది. తిరిగి వచ్చినాడు.

రెండు రోజులకు మళ్లీ ఫోను. బాషా మళ్లీ పోయినాడు. మళ్లీ అంతా బాగుంది. ఈసారి వచ్చి మూతి ముడుచుకున్నాడు. "అక్కా, బోర్డుకు ఏమీ కాలేదు. ఆమే ఏదో ముట్టుకుంటాండాది."

శెట్టి వెంటనే అందుకున్నాడు. "పెద్దామె కదప్పా. స్విచ్చు ఏదో, గొళ్లెం ఏదో ఆమెకేం తెలుస్తాది."

నేను కాదనలేదు. అది రాయకుండా దాచొచ్చు, కానీ మీరు నేర్చుకోవల్సింది అదే కాబట్టి రాస్తాండాను. ఏడో తరగతి చదివిన నేను, అసలు చదవని ఆమె మాట నమ్మలేదు. ఫోనులో ఆమెకు ఇంత బుద్ధి కూడా చెప్పినాను, పెట్టె ముట్టొద్దక్కా అని.

ఆమె ఊరుకుంటాదా? "మీరు పోయినప్పుడు అది ఇన్‌స్పెక్టరు వచ్చిన దినం బడిపిల్లోల్ల మాదిరి చేతులు కట్టుకోని ఉంటాది. మీ జీపు మలుపు తిరిగితే మళ్లీ పడుకుంటాది. అబద్ధమయితే నువ్వే వచ్చి కూర్చోని చూడు."

మూడోసారి ఫోను వచ్చినప్పుడు బాషా "నేను పోను, ఆమె తిడతాది" అన్నాడు. నేను పామిడి బస్సెక్కినాను.

ఆపొద్దు

ఆడికి పోయేసరికి ఆదెమ్మ బోరు పక్కన నాలుగు కట్టెలకు పాత చీర కట్టి, ఆ నీడలో కూర్చోని ఉంది. చెయ్యి స్టార్టరు మీదనే. మోటారును చేత్తో వేసి, చెవి పెట్టి వింటా, గాలి రాంగనే ఆపుతాండాది.

"ఎన్ని రోజులుగా ఇట్ల కూర్చున్నావక్కా?"

"మూడు దినాలుగా నేనే మీ బోర్డు. ఫోను చేసేది ఒకటే తక్కువ, అదీ చేస్తినే."

నవ్వలేకపోయినాను. చెట్ల కింద పిందెలు గోలీల మాదిరి రాలి ఉండాయి. ముందటి దినం మధ్యాహ్నం ఆమెకు కన్ను మూతపడి, మోటారు గాలిలో ఆడింది. బోరు బుస్సుమనే చప్పుడుకు లేసి ఆపుకుంది. అది కాలి ఉంటే అంత లోతు నుంచి పైకి తీసి, చుట్టించి, మళ్లీ దించేదానికి వారం. చెట్లు వారం ఆగవు. "ఇంగో నాలుగు దినాలు ఇట్లే పోతే ఈ ఏడు కాపు నేల మీదనే" అన్నది. ఆ మాట ఏడుస్తా అనలేదు. వాన గురించి మాట్లాడినట్టు అన్నది. నాకు అదే ఎక్కువ తగిలింది.

పెట్టె చూసినాను. లైటు ఎలుగుతాండాది, మోటారును వేసే రిలే స్విచ్చు మాత్రం టక్కుమనలేదు. సరే అని ల్యాప్‌టాప్ తీసి, నియమం ప్రకారం బోర్డు ఆపేదానికి చెయ్యి పెట్టినాను.

"ఆపొద్దు!" అని కేక పెట్టింది. నా చెయ్యి పట్టుకుంది. "ఆ పిల్లోడూ ఇంతే. రాంగనే ఆపినాడు, వేసినాడు, బాగుందన్నాడు, నన్ను చూసి నవ్వినాడు. నువ్వు ఆపితే అది మళ్లీ బాగవుతాది, మళ్లీ నేను అబద్ధాలకోరునవుతా. అది పడుకోని ఉండంగనే చూడు."

గోడ మీద నా చేత్తో రాసిన నియమం గుర్తొచ్చింది. ల్యాప్‌టాప్ కాలితే శెట్టి ముఖం ఎట్లుంటాదో కూడా గుర్తొచ్చింది. ఎర్తుకు పోయే నల్ల వైరు ముందు పెట్టి, మిగిలినవి జాగ్రత్తగా ఒకటొకటే తగిలించినాను. తెర ఖాళీ. ఒక్కసారి ఎంటర్ మీట నొక్కినాను.

రావల్సింది లినక్స్. వచ్చింది బూట్‌లోడర్. పొయ్యి అంటించకుండా వాకిట్లోనే నిలబడి ఉంది. పైగా ఒక ఫిర్యాదు: ఈ మాట నాకు అర్థం కాలేదు అని. ఏ మాటా అని చూస్తే, పిచ్చి అక్షరాలు, గుర్తులు, అన్నీ కలిపిన ఒక గంప. నేను కొట్టింది ఒక్క మీట. ఆ గంపెడు అక్షరాలు నేను రాకముందే ఎవరో కొట్టి పెట్టినారు.

"అక్కా, ఇది ఎవరన్నా కొట్టినారా?"

"నాకు తెలుగే రాయను రాదు. ఇంగ్లీషు కొడతానా?"

అప్పుడు తోక చూసినాను. నేను మూరెడు వదిలించిన తోక. గాలికి ఊగకుండా ఉండల్లని మా వాళ్లే మోటారు కేబులుకు ఆనించి, మూడు చుట్లు చుట్టి, అందంగా ముడి వేసినారు. కొస ఊరికే తేలుతాండాది. కరెంటు వచ్చేటప్పుడు ఆ లావు కేబులులో పుట్టే గోల ఈ సన్న తోకలోకి దూకుతాది. బూట్‌లోడర్ అదేమో ఎవరో మీట నొక్కినారని నిలబడిపోతాది. పైగా నేను దానికి పది సెకండ్లు చెవి ఒగ్గి కూర్చోమని చెప్పి ఉండాను. ల్యాప్‌టాప్ తగిలిస్తే తోక తేలదు, గోల దూరదు, బోర్డు బుద్ధిగా లేస్తాది. బాషా పోయినప్పుడల్లా రోగాన్ని తన చేత్తోనే మూసి పెట్టి, రోగం లేదని వచ్చినాడు. అట్ల చేయమని నేర్పింది నేను.

రుజువు కావల్ల కదా. తోక తేలుతాండగా నాలుగు సార్లు మెయిను స్విచ్చు వేసినాను. మూడు సార్లు పడుకుంది. ల్యాప్‌టాప్ తగిలించి నాలుగు సార్లు వేసినాను. నాలుగు సార్లూ లేసింది.

నిజం చెప్పకుండా పోవచ్చు. కరెంటు దోషమనొచ్చు, బోర్డు అమ్మినోళ్ల దోషమనొచ్చు. శెట్టికి ఫోను చేస్తే అదే చెప్పమన్నాడు కూడా. నేను ఆమె పక్కన కూర్చున్నాను.

"అక్కా, నువ్వేమీ ముట్టలేదు. తప్పు నాది. ఈ తోక నేను పెట్టించింది. మూత విప్పే పని లేకుండా నాకు సులువుగా ఉండల్లని."

ఆమె తోకను చూసింది, నన్ను చూసింది. "అంటే మీ పెట్టె పొద్దున లేసి, నువ్వేమన్నా చెప్తావేమోనని నీ కోసం కాచుకోని నిలబడుతాండాది."

"అంతే."

"నువ్వేమో అనంతపురంలో ఉంటివి."

"అంతే అక్కా."

"మంచి పనిమనిషిని పెట్టినావులే" అన్నది.

ఒక మాట పెట్టినాము

తోక కత్తిరిస్తే సగం బాగయినట్టే. కానీ గోల లోపలి నుంచి కూడా దూరొచ్చు. ఆగనే ఆగకుండా చేసేదానికి దారి ఉంది. అట్ల చేస్తే రేపు చెడినప్పుడు నేను కూడా లోపలికి పోలేను. బాషాకు ఫోను చేసినాను. చెప్పిందంతా విన్నాడు. తర్వాత "ఆమెకు సారీ చెప్పక్కా" అన్నాడు.

"నువ్వే వచ్చి చెప్పు. ముందు ఇది బాగు చేయి."

యూ-బూట్‌లో ఇంకో పద్ధతి ఉంది. ఏ మీట పడితే ఆ మీటకు కాదు, ముందే పెట్టిన ఒక మాటను పూర్తిగా కొడితేనే నిలబడతాది. మోటారు గోల ఎంత అరిచినా ఒక మాటను అక్షరం తప్పకుండా కొట్టలేదు. బాషా అట్ల కొత్తది తయారుచేసి గంటలో పంపినాడు. సిగ్నలు కోసం నేను గట్టెక్కి నిలబడినాను.

దాన్ని రాసేటప్పుడు కరెంటు పోతే బోర్డు చచ్చినట్టే. బతికించే ఎస్‌డీ కార్డు సంచిలో ఉంది కానీ, ఆ ఎండలో చచ్చినదాన్ని మళ్లీ లేపే దాకా తెచ్చుకోబుద్ధి కాలేదు. ఆదెమ్మ మందు కొట్టే పంపు తెచ్చింది. దానికి బ్యాటరీ ఉంటాది కదా. దాని నుంచి బోర్డుకు రెండు వైర్లు పెట్టి, ఆమెను పట్టుకోమన్నాను.

"కదలొద్దక్కా. వైరు జారితే అయిపాయె."

"మూడు దినాలు కదలకుండా కూర్చున్నోల్లకు చెప్తాండావా?"

రాయడం అయింది. కరెంటు ఆలోపల ఒకసారి పోనే పోయింది. ఆమె చేతులు కదల్లేదు.

"ఇప్పుడు ఒక మాట పెట్టల్లక్కా. ఆ మాట కొట్టినోళ్ల కోసమే ఇది ఆగుతాది."

"ఎవరి మాట?"

కార్ఖానా పేరు పెట్టమని శెట్టి చెప్పి ఉన్నాడు. నేను ఆమెను చూసినాను. "నువ్వే చెప్పక్కా. నీ తోట, నీ బోరు."

ఆమె చుట్టూ చూసి, ఎవరూ లేకపోయినా నా చెవిలో చెప్పింది. నాకు నవ్వు ఆగలేదు. ఆ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఎట్ల కొట్టల్లో కనుక్కునేదానికి ఇద్దరికీ కాసేపు పట్టింది. కొట్టి, భద్రం చేసి, ల్యాప్‌టాప్ పీకేసినాను. తోకను పెట్టెకు ఆనిచ్చి కత్తిరించి ఆమె చేతికి ఇచ్చినాను. కొంగున ముడి వేసుకుంది, ఎందుకో అడగలేదు.

శెట్టి తర్వాత చాలాసార్లు అడిగినాడు, ఏం మాట పెట్టినారని. తోటకు పోయి ఆమెనే అడుగు అన్నాను. అది మొదలు ప్రతి రైతు పెట్టెకూ మాట ఆ రైతే పెట్టేటట్టు చేసినాము. మేము బాగు చేసేదానికి పోతే వాళ్లు పక్కన నిలబడి మాట కొట్టియ్యల్ల. పని కొంచెం మందమైంది. ముందు వాళ్ల చేత చెప్పించుకోకుండా పెట్టె ముట్టే అలవాటు మా అందరికీ పోయింది.

ఆ పొద్దు తోటలో మాట పెట్టినంక కరెంటు పోయింది. ఇద్దరం పెట్టె ముందర కూర్చున్నాము. ఆమె స్టార్టరు మీద చెయ్యి పెట్టబోయి, నన్ను చూసి తీసుకుంది. ముప్పావుగంటకు కరెంటొచ్చింది. లైటు ఎలిగింది. నేను మనసులో వరసలు లెక్కపెడతాండాను, మెమరీ, కార్డు, నెట్‌వర్క్. రిలే టక్కుమంది. మోటారు లేసింది. నాకు కేక పెట్టల్లనిపించింది. ఆదెమ్మ పెట్టె వైపు చూడనే లేదు. లేసి, చెట్ల సాళ్లలో పడి నడిచిపోయింది. నేను వెనకనే పోయినాను. ఆఖరి సాలులో ఆఖరి చెట్టు కాడ వంగి, డ్రిప్పు చుక్క పడే చోట వేలు గుచ్చి చూసింది. వేలు తడి అయింది. నా చేతికి తుడిచింది.

"ఇంగోసారి కరెంటు పోనీ, చూస్తాం" అన్నది. సాయంత్రం లోపల ఇంకో రెండు సార్లు పోయింది, వచ్చింది. రెండు సార్లూ లేసింది.

అప్పుడు రాగి సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి, అదే వేరుశనగ పచ్చడి, తెచ్చి ముందర పెట్టింది. ఆకలి మీద ఉండాను. చెయ్యి కడుక్కోని కూర్చున్నాను.

"ఇట్లాంటి తోకలు ఇంకా ఎంతమంది పెట్టెలకు పెట్టినావు?" అని అడిగింది.

"అన్నిటికీ అక్కా."

ఆమె గిన్నె వెనక్కి లాక్కుంది. సంగటిని బాదమాకులో చుట్టి, పైన ఇంకొక ఆకు వేసి, దారం కట్టి నా చేతిలో పెట్టింది.

"మరి ఈడ కూర్చున్నావేం? బస్సులో తిను, పో."